నాగలాపురం చేలో నవరత్నపురి

“గడ్డపారలు దించండి! ఎవర్నడిగి మా చేలోకి వచ్చారు?”

పంచవర్ణం అరవంలో వేసిన కేకకు కోట బురుజు మీది కాకులు లేచిపోయాయి. లారీ దిగిన ముగ్గురిలో పెద్దవాడు, సెల్వరాజట, తుండు నడుముకు చుట్టి దణ్ణం పెట్టాడు.

“కోప్పడకమ్మా. ఫోన్లో చూసి వచ్చాం. వెయ్యేళ్ల నాటి నవరత్నపురి ఇదే కదా? గోడల్లో నిధి ఉందంటగా?” అన్నాడు, అరవంలోనే.

పంచవర్ణం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ వెయ్యేళ్ల నగరాన్ని రెండేళ్ల కిందట సినిమా వాళ్లు ఆమె కళ్లెదుటే నలభై రోజుల్లో కట్టారు. పనయ్యాక “మీరే ఉంచుకోండి” అని వెళ్లిపోయారు. రెండు వానలకు పెచ్చులూడి, బురుజులు ఒరిగి, నిజంగానే పాడుబడ్డ నగరం అయి కూర్చుంది. ఎవరో వీడియో తీసి పెట్టారు. అంతే, నిధి వేటగాళ్లు ఈగల్లా ముసురుతున్నారు.

ఆమె కన్ను మాత్రం గోడల లోపలి ఇనుప గొట్టాల మీద ఉంది. ఐప్పసి నెల వానలు దిగేలోగా వాటితో మేకలకు కొట్టం వేయాలి. పోయినేడు తడిసి మూడు పిల్లలు చచ్చాయి. గోడలు పడగొట్టవయ్యా అంటే మొగుడు రంగనాథన్ నడుం నొప్పని మంచం దిగడు.

ఆ రంగనాథన్ ఇప్పుడు చెంగున దిగివచ్చాడు. తమిళనాట తమ ఇంటి భాష ఎవరికి తెలుస్తుందిలే అని, గొంతు కూడా తగ్గించకుండా పెళ్లాంతో తెలుగులో అన్నాడు:

“ఏమే, తరమొద్దు. ఈ పిచ్చోండ్లే పడగొట్టనీ. మేకల కొట్టానికి గొట్టాలు ఊరికే వచ్చేస్తాయి.”

“పాపం మావా, ఎండ మండిపోతా ఉండాది.”

“అంత పాపమైతే అంబలి పొయ్యి.”

సెల్వరాజ్ ఆకాశం చూస్తూ నిలబడ్డాడు. రంగనాథన్ అరవంలోకి మారి, “సరే, పడగొట్టుకోండి. గోడల్లో ఏం దొరికినా మీదే” అన్నాడు.

“సత్యం చేస్తారా?” సెల్వరాజ్ చొక్కా జేబులోంచి కర్పూరం తీసి రాతి మీద వెలిగించాడు.

“వద్దు మావా, సత్యంతో ఆటలా?”

“బంగారం ఉంటే గదే భయం!” అని రంగనాథన్ కులదైవం జక్కమ్మ పేరు చెప్పి ఒట్టేసి, మంట మీద అరచేత్తో కొట్టి ఆర్పేశాడు.

పొద్దు వాలేసరికి నవరత్నపురి నేలమట్టమైంది. రంగనాథన్ గుర్రు పెడుతున్నాడు. రెండో విడత అంబలి తీసుకుని వచ్చిన పంచవర్ణం చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. గొట్టాలన్నీ లారీలో ఉన్నాయి.

“అయ్యో, ఇనుమెందుకు ఎత్తారు? మీరు వెతికేది బంగారం కదా!” అంది అరవంలో.

సెల్వరాజ్ ఆమె చేతిలోని చెంబు అందుకుని గటగటా తాగి, మూతి తుడుచుకుని చేను గట్టు వైపు చూపించాడు. అక్కడ కొన్ని గొట్టాలు విడిగా పేర్చి ఉన్నాయి.

“పాపమని నువ్వొక్కదానివే అంటివి గదక్కా, మేకల కొట్టానికి పన్నెండు గొట్టాలు వదిలినాను. బావ లేస్తే చెప్పు, మా పుదూరులో పిచ్చోండ్లు కూడా ఇంట్లో తెలుగే మాట్లాడతారని.”