వాన కొలిచే గొట్టం

“ఇవాళ కూడా చుక్క పడకపోతే ఈ పిల్ల ఏమైపోతుందో!”

ఇంకా తెల్లారలేదు. వంటింట్లో ఒక్కతే నిలబడి పైకే అనేసింది వర్నా.

పిల్లంటే నలభై దాటిన కూతురు జోలీన్. మేత లేక ఆవుల్ని అమ్మేసినప్పటి నుంచి నవ్వడం మర్చిపోయింది. ఇప్పుడు ఆమెకు మిగిలిన పని ఒక్కటే. పెరట్లో కంచె గుంజకు ఒక గొట్టం బిగించింది. వానో మంచో ఎంత పడిందో రోజూ ఏడింటికి అందులో చూసి, వాతావరణం ఆఫీసుకి పంపుతుంది. జీతం లేదు. తనంతట తాను ఒప్పుకున్న పని.

అమెరికాలోని నెబ్రాస్కాలో ఆ ఏడు ఎప్పుడు చూసినా సున్నానే.

ఏదో ఒకరోజు ఇది మంచం దిగడం మానేస్తుంది. తర్వాత తిండి మానేస్తుంది. ఆ తర్వాత...

గ్లాసులో కాసిని నీళ్లు పట్టింది. తన చెప్పులు ఎక్కడున్నాయో గుర్తు రాక, పోయిన మొగుడి బూట్లు తొడుక్కుంది. గుమ్మం పట్టుకుని చాలాసేపు నిలబడింది. గుండె దడదడలాడుతోంది. దొంగపని కదా మరి!

ఎలాగో వెళ్లి గొట్టంలో పోసి వచ్చింది.

“అమ్మా, రాత్రి జల్లు పడిందే! మబ్బుకి మన ఇల్లొక్కటే కనబడినట్టుంది,” అంటూ లోపలికొచ్చింది జోలీన్. నవ్వింది కూడా.

ఆ నవ్వు కోసం వర్నా మర్నాడూ పోసింది. ఆ మర్నాడూ పోసింది.

ఒక మధ్యాహ్నం పక్క పొలం డ్వేన్ ఎప్పట్లాగే వంటింటి కిటికీ దగ్గరికి వచ్చాడు.

“కాఫీ ఉందా పిన్నీ, అదీ ఎండిపోయిందా?”

“నీ నోరు ఎండదు కదరా!” అంటూ కప్పు అందించింది.

“కరువు సాయం ఇచ్చేవాళ్లు మీ గొట్టం లెక్కే చూస్తారట. వాన పడిందని ఉంటే మేత రాదు. నా ఆవులు కూడా సంతకే.”

వర్నా అతని భుజం మీదుగా కంచె గుంజకేసి చూసింది.

రాత్రి భోజనాల దగ్గర ఇక ఆగలేకపోయింది. “నేనే పోశానే ఆ నీళ్లు! డ్వేన్ కొంప మునుగుతుంది. నిన్ను జైల్లో పెడతారు. ఊళ్లో తలెత్తుకోలేం.”

జోలీన్ చిక్కుడుగింజలు నములుతూనే ఉంది. “వానైతే గొట్టం పైనున్న దుమ్ము కూడా తడవాలి కదమ్మా. మొదటి రోజే తెలిసింది. సున్నాలే పంపుతున్నా.”

“ఓసి నీ! మరి నాకు చెప్పవేం? రోజూ ఆ నవ్వులెందుకే?”

జోలీన్ చెంచా కింద పెట్టింది. బయట గాలి దుమ్ము లేపి కిటికీకి కొట్టింది. వర్నా రెండోసారి అడిగింది.

తల దించుకునే అంది జోలీన్:

“నాన్నని మట్టిచేసి వచ్చాక నువ్వు గడప దాటింది ఆ నీళ్లు పోయడానికేనమ్మా.”