పదకొండో మిషన్

'క' మీట కొడితే కడ్డీ లేచింది. లేచింది లేచినట్టే నిలబడిపోయింది.

హరిబాబు దాన్ని వేలితో కిందికి పడుకోబెట్టి, పక్క మీట కొట్టాడు. అదీ అంతే.

బూతు ఒకటి నోటిదాకా వచ్చింది. లోపల భార్య మీనాకుమారి ఉందని మింగేశాడు.

మూడు రోజులుగా ఇదే భాగోతం. వర్క్‌షాపులో ఫిట్టరుగా ఇరవై ఏళ్లు రైలింజన్ల పొట్టలు విప్పి బిగించినవాడికి, జానెడు ఎత్తు టైపు మిషన్ లొంగడం లేదు.

అతని దగ్గర పాత టైపు మిషన్లు పదకొండున్నాయి. పది ఇంగ్లీషువి. తెలుగుది ఇదొక్కటే. పాతసామాన్ల బండి మీద కనబడిన రోజు పండగే చేసుకున్నాడు. న్యూ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్లో ఉన్నవి రెండే గదులు. మంచం కింద నాలుగు, బీరువా మీద మూడు, మిగిలినవి వరండాలో.

"ఆదివారం దాకా సూస్తాను," అని మీనాకుమారి ముందే చెప్పేసింది. "అప్పటికీ ఇయి కదల్లేదంటే మళ్లీ ఆ బండే ఎక్కిస్తాను. పిల్ల పుస్తకాలెట్టుకోడానికి సోటు లేదు గానీ, ఈటికి మంచం కింద రాజభోగం!"

ఆదివారం అనడానికి కారణముంది. ప్రేమ్ బజార్లో పెద్ద గది ఒకటి ఖాళీగా ఉందని స్నేహితుడు గిరిబాబు కబురు తెచ్చాడు.

"ఓనరు కిరాయి వొద్దన్నారు బావా. మిషన్లన్నీ అక్కడే ఎట్టుకోవచ్చు. తెలుగు మిషను మాత్రం ఆడతా ఉండాలంట. ఆదివారం ఏ సంగతీ సెప్తారంట."

ఆ రోజు నుంచే హరిబాబు ఆయిల్ కేన్ పట్టుకున్నాడు. ఇవాళ శుక్రవారం. పోసేకొద్దీ మిషన్ ఇంకా మొరాయిస్తోంది.

గేటు దగ్గర ఎవరో దగ్గారు.

ఒక ముసలావిడ. వెలిసిన నేత చీర, చేతిలో కూరల సంచి. నిన్నా ఇదే వేళకి అక్కడే నిలబడి చూసింది. మొన్నా అంతే.

"నూనె పోసినావా బాబూ?"

"మిషన్‌కి నూనె పొయ్యక పాలు పోస్తారేటి?"

"దీనికి పొయ్యకూడదు. ధూళి పట్టి జిగురైపోద్ది. కాస్త పెట్రోలు, పళ్ల బ్రష్షు ఉంటే..."

"మామ్మా! ఇరవయ్యేళ్లు వర్కుషాపులో పని సేసినాను. నూనె సంగతి నాకు సెప్తావేటి?"

"ఇది రైలింజను కాదు కదా నాయినా."

లోపల మీనాకుమారి కిసుక్కున నవ్వింది.

హరిబాబుకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆవిడ చూస్తుండగానే, కావాలని, కడ్డీల మధ్య ఇంకో నాలుగు చుక్కలు పోశాడు.

ఆవిడ గేటు తీసుకుని వచ్చి వరండా మెట్టెక్కింది. సంచి కింద పెట్టింది.

"ఒక్కపాలి ముట్టుకోనీ. ఒక్క లైను కొట్టి సూస్తాను."

"సెయ్యి తియ్యి!" హరిబాబు అరిచాడు. "దీని ఇలువేటో నీకేటి తెల్సు? ఎవలు పడితే ఆళ్లు ముట్టుకుంటే పదకొండూ మూలకెళ్తాయి."

మీటల మీదికి చాచిన వేళ్లు వెనక్కి వెళ్లిపోయాయి. ఆవిడ మొహంలో కోపం లేదు. వరండాలో దుప్పటి కప్పి ఉన్న మిషన్లను ఒక్కొక్కటే చూసింది.

"మరి ఈటి మీద ఎవలు కొడతారు బాబూ?"

"కొట్టడానిక్కాదు. సూడ్డానికి."

"అలాగా," అని సంచి అందుకుని వెళ్లిపోయింది.

మర్నాటికి సగం మీటలు అతుక్కుపోయాయి. కోల్‌కతాలో ఎవరో మెకానిక్ ఉన్నాడంటే ఫోన్ చేశాడు.

"తెలుగు మిషనా? మేరే బస్ కా నహీ, దాదా," అని, తనవల్ల కాదంటూ అవతల ఫోన్ పెట్టేశాడు.

ఆదివారం తెల్లారింది. ఇంక పోయేదేముందని, తన స్కూటర్లోంచి గ్లాసెడు పెట్రోలు తీశాడు. పాత పళ్ల బ్రష్షు ముంచి కడ్డీల సందుల్లో తోమాడు. నల్లటి జిగురు కారింది. మళ్లీ తోమాడు. మళ్లీ కారింది. మూడోసారికి పెట్రోలు తేటగా దిగింది.

'క' కొట్టాడు.

కడ్డీ లేచి, టక్కున కొట్టి, తన చోటికి తాను పోయి పడుకుంది.

హరిబాబు కాగితం ఎక్కించి భార్య పేరు మొత్తం కొట్టాడు. మీనాకుమారి ఆ కాగితం చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసుకుంది.

"ఆ మామ్మ సెప్పిందే నిజమైంది కదండీ."

"అయిందిలేవే. కనబడితే ఓ టీ ఇద్దాం."

అప్పుడే గేటు ముందు గిరిబాబు సైకిల్ ఆగింది.

"బావా, ఆడతంది! గుర్రంలాగ ఆడతంది! ఓనర్ని రమ్మను, ఇప్పుడే రమ్మను!"

గిరిబాబు సైకిల్ దిగలేదు. కాలు నేల మీద ఆనించి అలాగే నిలబడ్డాడు.

"గది కోచింగోళ్లకి ఇచ్చేసినారు బావా. నిన్న సాయంత్రమే తాళం సేతిలో ఎట్టేసినారంట."

"అదేటి! నా మిషన్ సూడకుండానే?"

"సూసినారంట. మూడ్రోజులు వొచ్చి మరీ సూసినారంట. మనిషిని సూసేదాకా నీకు పేరు సెప్పొద్దన్నారు, అందుకే నాను సెప్పలేదు."

"ఎవలొచ్చినారు? నా గుమ్మంలోకి ఏ ఓనరూ రాలేదే!"

గిరిబాబు హ్యాండిల్ వైపు చూస్తూ అన్నాడు: "ముప్పయ్యేళ్లు అదే గదిలో మన తెలుగోళ్ల పిల్లలకి టైపు నేర్పిన దోర్కా టీచరు బావా... సూడ్డానికే ఐతే అద్దాల బీరువా సాలు, గదెందుకు అన్నారంట."