పక్క మంచం మాటలు

ఒకే బైకు మీద పోతా అరియాంకుప్పం వంతెన దగ్గర ఇద్దరు స్నేహితులు పడ్డారు. ఇద్దరికీ తలకే దెబ్బ. వాళ్ళలో ప్రేమ మొగుడికి మాట పడిపోయింది. దీక్షిత మొగుడు వారం తిరగకముందే లేచి కూర్చుని కాఫీ అడిగాడు.

ఆస్పత్రిలో తెర అవతల ఆ గొంతు వినబడినప్పుడల్లా ప్రేమకు కడుపు మండిపోయేది. ఒకే వీధిలో అక్కాచెల్లెళ్ళలా మెలిగిన దీక్షితతో మాటలు మానేసింది.

"దెబ్బ ఒకటే గదా, ఆయనకెట్ల బాగయింది?" అని డాక్టరమ్మను అడిగింది.

"గాయమైతే మెదడు తనంతట తానే ఈస్ట్రోజన్ తయారు చేసుకుంటుంది. ఆడవాళ్ళ హార్మోన్ అంటాం గానీ, మగవాళ్ళ మెదడులోనూ ఊరుతుంది. చుట్టూ ఉన్న కణాలు చచ్చిపోకుండా చూస్తుంది."

"ఆయనకే ఎక్కువ ఊరిందా?"

"ఎవరికెంతో చెప్పలేం. ఎంత కాపాడగలిగితే అంత కాపాడుతుంది, అంతేనమ్మా."

కంటికి కనబడని ఆ చుక్కలు కూడా దీక్షిత పక్కకే పోయినాయని ప్రేమ కుళ్ళుకుంది.

సాయంత్రం వరండాలో దీక్షిత ఏడుస్తా కనబడింది.

"నీకేం తక్కువైందే?" అంది ప్రేమ.

"నువ్వు యాడికి పోతే నీ మొగుడి కళ్ళు ఆడికి వస్తాయి గదక్కా. చూస్తే నాకు కుళ్ళుగా ఉంది. మా ఆయనకు నేనెవరో తెలీదు. శానా మర్యాదగా మాట్లాడతాడు. 'పొద్దుపోయింది, ఇంటికి పోండమ్మా, మీ ఆయన మీకోసం చూస్తా ఉంటాడు' అంటాడు."