స్టీరింగ్ గుంజుడు

“మళ్లా ఎడమకే గుంజుతాంది. పొద్దున నువ్వు చేసిన అలైన్‌మెంట్ ఏమైంది?” స్టీరింగ్ బిగించి పట్టుకుని, పక్క సీట్లోని మెకానిక్ మోయిజ్ మీద విసుక్కున్నాడు కాంట్రాక్టర్ అంజయ్య.

“కండ్లకోయ నుంచి హైవే మీద సక్కగనే వచ్చింది గదా పటేలా. మీ ఊరి రోడ్డు ఎక్కినంకనే మొదలైంది. ఎదురుంగ ఎవరూ లేరు, జర కుడి పక్కకు తీసుకోండ్రి.”

అంజయ్య తీసుకున్నాడు. బండి ఈసారి కుడికి లాగింది.

“బండిల తప్పుంటే ఎప్పుడూ ఒక్క దిక్కే గుంజుతది,” అన్నాడు మోయిజ్. “రోడ్డే నడుమ ఉబ్బి, రెండు అంచులకు దిగిపోయింది. బండి పల్లానికి పోతాంది, అంతే.”

అంజయ్య బ్రేకు వేశాడు. సరిగ్గా పక్కనే రోడ్డు ప్రారంభోత్సవపు శిలాఫలకం ఉంది. ఎండిన బంతిపూల దండ కింద, కాంట్రాక్టరుగా ఆయన పేరే. మోయిజ్ అటు చూడకుండా ముందరి అద్దం తుడవసాగాడు.

“ఓ పని చెయ్యి,” అన్నాడు అంజయ్య చివరికి. “ఈ రోడ్డు మీద సక్కగ పోయేటట్టు బండినే సెట్ చెయ్యి.”

“అట్ల చేస్తే మంచి రోడ్డు మీద కుడికి గుంజుతది పటేలా.”

“దాని ఫికర్ నీకెందుకు? ఈ చుట్టుపక్కల రోడ్లన్నీ నేనే ఏసిన.”