నల్లద్దాల సారు

బట్టల మిల్లు గేటు దగ్గరి యాకమ్మ చాయ్ హోటల్లో నల్లద్దాల మనిషి కూర్చోగానే పక్క బల్ల ఖాళీ అయింది.

ఎనభైల్లో వరంగల్‌లో కళ్ళకలక అంటే అంత భయం. ఎదుటివాడి కళ్ళలోకి చూస్తే చాలు, అంటుకుంటుందనేవారు. అద్దాలు పెట్టుకున్నవాణ్ణి "హీరో వచ్చిండురో" అని ఏడిపిస్తూనే ఆమడ దూరం జరిగేవారు. తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, ఎంత అమాయకపు రోజులో!

ఆయన ఊరికి కొత్త. మాట తక్కువ. అద్దాల కింద నుంచి నీళ్ళు కారుతుంటే రుమాలుతో ఒత్తుకునేవాడు.

"కండ్ల మీద నందివర్ధనం పూలు పెట్టుకోరాదు సారూ, సలువ చేస్తయి?" అంది యాకమ్మ.

"పూలతోని పోయేది కాదక్కా," అని నవ్వాడు.

పొమ్మనడానికి ఆమెకు నోరు రాలేదు. కానీ ఉన్నది ఒక్క కొడుకు.

"ఏమనుకోకు సారూ. నా ఎల్లస్వామి గీ మిల్లులనే పనిజేస్తడు. కండ్లెర్రబడితె లోపలికి రానియ్యరు. జర నయమైనంక రా."

"నిజమే అక్కా," అని లేచాడు. మళ్ళీ రాలేదు.

ఆ నెలలోనే మిల్లులో సమ్మె మొదలైంది. ఒక సాయంత్రం గేటు ముందు రాళ్ళు లేచాయి. పోలీసులు తుపాకులతో దిగారు. యాకమ్మ పొయ్యి మీద చాయ్ వదిలేసి ఉరికింది.

ముందు వరసలో ఎల్లస్వామే ఉన్నాడు.

తుపాకులు పేలలేదు. జీపు మీద నుంచి ఒక ఎర్రటి వెలుగు గుంపు మీద తిరిగింది. అందరూ కళ్ళు మూసుకుని ఎక్కడివాళ్ళక్కడ కూలబడ్డారు.

కాసేపటికి ఎల్లస్వామి కళ్ళు నులుముకుంటూ వచ్చాడు.

"ఏం కాలేదవ్వా. జర మసకలు కమ్మినయి, ఇప్పుడు మంచిగనే కనవడుతాంది."

యాకమ్మ వాణ్ణి పట్టుకుని బోరున ఏడ్చింది.

మర్నాడు కానిస్టేబుల్ మొగిలయ్య చాయ్‌కి వచ్చాడు.

"గా లైటు చేసినోడు సల్లగుండాలె మొగిలయ్యా. నా కొడుకును నాకిచ్చిండు."

"దాన్ని లేజర్ అంటరక్కా. కాలేజీల ఒక సారు చేసిండు. మనిషి ఆగాలె, కన్ను పోవద్దు. ఎంత వెలుగు పెట్టాలెనో ఎవలి మీదనన్న చూడాలె గద?"

"ఎవలి మీద చూసిండు?"

"తన కండ్ల మీదనే."

యాకమ్మ గంటె కింద పెట్టి, నల్లద్దాల మనిషి కూర్చున్న బల్ల వైపు చూసింది.

"పొద్దున్నే పట్నం దవాఖానకు తోల్కపోయిండ్రు. సూపు ఇగ రాదన్నరట," మొగిలయ్య గొంతు తగ్గించాడు. "జీపెక్కేటప్పుడు ఒక్కటే అడిగిండక్కా, 'చాయ్ హోటలక్క కొడుకు కండ్లకేం కాలేదు గదా?' అని."