రోజుకో ప్రశ్న

గుండె బాగానే ఉందన్నారు. ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయన్నారు. రక్తంలోనూ ఏ లోపమూ దొరకలేదు. రిటైరైన చీఫ్ ఇంజనీరుకి ఇది పెద్ద అవమానంగా తోచింది. ఆయనంతటివాడికి ఛాతీ బరువెక్కి, తిండి సయించక, పొద్దున్నే లేవబుద్ధి కాకపోతే, దానికో ఘనమైన జబ్బు పేరుండొద్దూ?

చివరికి మానసిక వైద్యురాలి దగ్గరికి పంపారు. ఆవిడకి ఆయన కూతురి వయసుంటుంది. తెల్లకాగితం ఒకటి ముందుకు జరిపింది.

“జీవితంలో మీకు ముఖ్యమైనవి ఓ ఐదు రాయండి.”

ఆయన చకచకా రాసిచ్చారు. హోదా. గుర్తింపు. క్రమశిక్షణ. పట్టిన పని సాధించడం. సభల్లో ముందు వరస కుర్చీ.

ఆవిడ రెండుసార్లు చదివింది. “ఇందులో మనుషులెవరూ లేరండీ.”

“కుర్చీలో కూర్చునేది మనిషేగా?”

“అది మీరే కదా!”

జబ్బు ఒంటరితనమని తేల్చింది. మాత్రలేవీ రాయలేదు. రోజూ ఎవరో ఒకర్ని, వాళ్ల గురించే, ఒక్క ప్రశ్న అడగాలి. జవాబు పూర్తయ్యేదాకా అడ్డం రాకూడదు. అంతే మందు.

ఇంజనీరు ఉత్సాహపడిపోయారు. లక్ష్యమంటూ ఒకటి చేతికిస్తే ఆయన పులి. కొత్త నోటుబుక్కులో గళ్లు గీసి తేదీలు వేసుకున్నారు. మర్నాడే పార్కు గేటు దగ్గర వాచ్‌మన్‌ని ఆపి మొదటి ప్రశ్న అడిగేశారు.

“నేనెవరో తెలుసా?”

తెలీదన్నాడు వాచ్‌మన్. ఆ జవాబు ఇంజనీరు పూర్తిగా వినలేకపోయారు.

తెల్లగడ్డం ఆయన దొరికింది ఆ వారమే. నడకబాట చివర సిమెంటు బెంచీ మీద కూర్చున్నవాడల్లా, ఇంజనీరుని చూడగానే లేచి నిలబడ్డాడు.

“రండి సార్. ఇటు కూర్చోండి, అటు ఎండ పడుతుంది.”

రిటైరయ్యాక తనని చూసి లేచిన మొట్టమొదటి మనిషి! ఛాతీ బరువు సగం అక్కడే దిగిపోయింది.

అది మొదలు, సాయంత్రం ఐదైతే చాలు, ఇద్దరూ ఆ బెంచీ మీదే. ఇంజనీరు చెప్పడం, తెల్లగడ్డం వినడం.

“వరదలప్పుడు చెరువుగట్టు తెగేట్టుంది. అక్కడికెళ్లే దమ్ము ఎవడికుంది? నేనొక్కణ్నే వెళ్లాను. రెండు చేతుల్తోనూ మ్యాపు పట్టుకుని మూడు గంటలు బురదలో నిలబడ్డాను. చుట్టుపక్కల నరపురుగు లేదంటే నమ్మండి!”

“ఒక్కరేనా సార్?”

“ఒక్కణ్నే!”

“వాన దంచేసుంటుంది. తడిసి ముద్దయిపోయారేమో?”

“చుక్క తడవలేదు. నెత్తిమీద గొడుగుందిగా!”

“ఉండే ఉంటుందిలెండి,” అన్నాడు తెల్లగడ్డం భుజం నిమురుకుంటూ.

ఎంత చక్కగా అర్థం చేసుకుంటాడీ మనిషి! ఇంజనీరుకి మళ్లీ ఆకలి పుట్టింది. నోటుబుక్కులో గళ్లు ఒక్కటీ ఖాళీ లేకుండా నిండాయి. ‘నా మాటతీరు మీకెలా ఉంది?’ ‘నాలాంటి ఆఫీసర్ని ఇంకెక్కడైనా చూశారా?’ రెండోదానికి తెల్లగడ్డం, “ఎక్కడా చూళ్లేదు సార్,” అన్నాడు. దాని కింద ఇంజనీరు రెండు గీతలు గీసుకున్నారు.

వైద్యురాలు పుస్తకం తిరగేసి నిట్టూర్చింది. “ప్రశ్నలన్నీ మీ గురించే కదండీ?”

“జవాబులు ఆయనవేగా!” అన్నారు ఇంజనీరు.

నాలుగు నెలలు గడిచాయి. ఓ సోమవారం తెల్లగడ్డం రాలేదు. మంగళవారమూ రాలేదు. బుధవారం ఇంజనీరు గేటు దగ్గరికి పరుగులాంటి నడకతో వెళ్లారు.

“ఆ తెల్లగడ్డం ఆయన రావట్లేదేం?”

“ఇక్కడికొచ్చే పెద్దాళ్లలో సగం మందికి తెల్లగడ్డాలే సార్. పేరేంటో చెప్పండి,” అన్నాడు వాచ్‌మన్.

నాలుగు నెలల్లో పేరు అడగనే లేదని ఇంజనీరుకి అప్పుడే తట్టింది.

ఇంటికొచ్చి కంచం ముందు కూర్చున్నారు గానీ ముద్ద దిగలేదు. భార్య గమనించింది.

“ఒంట్లో బాగోలేదేమో పాపం. ఓ ఫోన్ చెయ్యరాదూ?”

“నంబరు లేదు.”

“ఇల్లెక్కడ?”

“తెలీదు.”

“పిల్లలెంతమంది? ఏం పని చేసేవారు?”

ఆయన ముద్దని కంచం అంచుకి తోశారు.

“మరి నాలుగు నెలలుగా ఏం మాట్లాడుకున్నారండీ?”

“చాలా విషయాలు.”

“అంటే మీ గురించి,” అని ఆవిడ కంచం తీసేసింది.

ఇంజనీరు చెయ్యి కడుక్కోవడం మర్చిపోయి అలాగే కూర్చుండిపోయారు. ఆ మనిషికి ఏమైనా అయితే తనకి కబురు పెట్టేవాళ్లు లేరు. తను వెతుక్కుంటూ వెళ్లే దారీ లేదు. ఛాతీలో మళ్లీ రాయి పెట్టినట్టయింది. ఈసారి మాత్రం దానికి పేరేమిటో ఆయనకి తెలుసు.

గురువారం నాలుగింటికే వెళ్లి బెంచీ మీద కూర్చున్నారు. ఐదింటికి తెల్లగడ్డం నెమ్మదిగా నడిచొస్తూ కనిపించాడు. ఇంజనీరు లేచి నిలబడ్డారు. తను లేచినట్టు ఆయనకే తెలీలేదు.

“ఏమైపోయారండీ మూడు రోజులు?”

“మనవరాలికి జ్వరం సార్. అమ్మాయీ అల్లుడూ పనిలోకెళ్తే పిల్లని చూసుకునేవాళ్లు లేరు...”

పిల్ల మందు తాగనని మొండికేయడం, బొమ్మకి ముందు పట్టించి తర్వాత పిల్లకి పట్టడం, అన్నీ చెప్పాడు. పావుగంట పట్టింది. ఇంజనీరు ఒక్కసారి కూడా అడ్డం రాలేదు. నోటుబుక్కు ఇంట్లోనే మర్చిపోయారు.

“ఇన్నాళ్లూ అడగనే లేదు,” అన్నారు సిగ్గుపడుతూ. “ఇంతకీ మీరేం ఉద్యోగం చేసేవారు?”

తెల్లగడ్డం ఇంజనీరు కళ్లలోకి చూసి నవ్వాడు.

“నాకప్పుడు గడ్డం లేదులెండి. మీ కారు నడిపానండీ, పదిహేడేళ్లు.”