రెక్క కింద నీడ

“లేపమ్మా! ముందు ఆ మేకల్ని లేపు!”

మిలిటరీ ఆఫీసరు గొంతు చించుకుంటున్నాడు. యుద్ధవిమానం రెక్క కింద ఇరవై మేకలు పడుకుని నెమరు వేస్తున్నాయి. వాటి నడుమ అక్కమ్మ కాళ్లు చాపుకుని కూర్చుంది.

“లేపి యాడికి తోలల్ల సామీ? నిన్న ఎండకు రెండు పిల్లలు నురగ కక్కి సచ్చిపోయినాయి. ఈడ తప్ప నీడ యాడుండాది?”

అది రెండువేల రెండు, మే నెల. ఉరవకొండ అవతల ఆ బయల్లో కనుచూపు మేర చెట్టన్నది లేదు. రన్‌వే వేసినప్పుడు అన్నీ కొట్టేశారు. వాటిలో పదకొండు వేపచెట్లు అక్కమ్మ చేనివే. ఇప్పుడు ఆమెనే నీడలోంచి లేవమంటున్నారు. ఇంతకన్నా అన్యాయం ఉంటుందా!

“ఇది విమానం. ముట్టుకుంటే జైలే!”

అక్కమ్మ లేచి విమానం పొట్టను పిడికిలితో టకటకా కొట్టింది. “చెక్క! ఎవురి చెవిలో పూలు పెడతాండావు?”

ఆఫీసరు గొంతు తగ్గించాడు. సంచిలోంచి ఒక విదేశీ పత్రిక తీసి ఫొటో చూపించాడు.

“ఇది ఉపగ్రహం పైనుంచి తీసిన ఫొటో. ఇక్కడున్న విమానాల్లో ఏవి నిజమో, ఏవి బొమ్మలో తెలియక శత్రువు జుట్టు పీక్కోవాలని మేం ఇన్ని పాట్లు పడ్డాం. ఈ నల్లమచ్చలు చూశావా? నీ మేకలే. కింద ఏం రాశారో తెలుసా? ‘మేకలు పడుకున్నవన్నీ ఉత్త బొమ్మలు. నిజం విమానం దగ్గరికి మేకను రానిస్తారా?’ అని! మా కష్టమంతా నీ మేకలు బూడిదలో పోశాయి!”

“మోసం మీది, శిక్ష నా మేకలకా?” అక్కమ్మ కళ్లు ఎర్రబడ్డాయి. “నేల తీసుకుంటిరి, మాన్లు కొట్టేస్తిరి. ఇప్పుడు నీడకు గూడా కంచె ఏస్తారా? థూ! రేపు మందను తోలుకోని కలెక్టరాఫీసుకే పోతా. పేపరోళ్లకు గూడా చెప్తా!”

ఆఫీసరు ఆ ఫొటోనే చాలాసేపు చూసి వెళ్లిపోయాడు.

మర్నాడు అక్కమ్మ పోట్లాటకు సిద్ధపడే వచ్చింది. పక్క చేను అంజినప్ప కూడా కర్ర పట్టుకుని వెంట వచ్చాడు. చూస్తే గేటు బార్లా తెరిచి ఉంది. ఆఫీసరే ఎదురొచ్చాడు.

“తప్పు మాదేనమ్మా. చెట్లు కొట్టింది మేమే. ఇకనుంచి రోజూ మేకల్ని తెచ్చుకో. కాకపోతే ఇక్కడ వద్దు. అదిగో, చివర నాలుగున్నాయి చూడు, వాటి కింద పడుకోబెట్టు. తొట్టిలో నీళ్లు కూడా పోయించాను.”

“ఆ నాలుగేం పాపం చేసినాయి?”

“వాటికి రంగు సరిగా కుదర్లేదమ్మా. ఎలాగూ ఎవరూ నమ్మరు.”

అంజినప్ప నోరు వెళ్లబెట్టాడు. “ఏమక్కా, మిలిటరీ వాణ్నే దించినావే!”

“అడగందే అమ్మైనా పెట్టదప్పా,” అంది అక్కమ్మ.

వారం గడిచింది. ఒక్క పిల్ల కూడా చావలేదు. నీడా నీళ్లూ దొరికి మేకలు కాస్త ఒళ్లు చేశాయి. ఊళ్లో ఎవరు ఎదురైనా అక్కమ్మ ఈ కథే చెప్పింది, ప్రతిసారీ ఆఫీసరును ఇంకాస్త గట్టిగా తిట్టినట్టు చెప్పింది. ఎనిమిదో రోజు పొద్దు వాలుతుండగా మందను లేపుకుని, గేటు దాటి ఊరి దారి పట్టింది.

ఆమె వెనక ఆ నాలుగు విమానాలూ గాల్లోకి లేచాయి.